కట్టినవాడి పని, కాపాడినవాడి పని

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమల్లోకి రావడంతో మన దేశంలో స్కోడా ఆక్టేవియాకు డీజిల్ ఇంజిన్ ఆగిపోయింది. ఇప్పుడు ఆ బండి కావాలంటే సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కోవాల్సిందే. మా నల్లగొండలో కాస్త పేరున్నవాడి ఇంటి ముందు ఇన్నోవా లేకపోతే ఫార్చ్యూనర్ ఉండాలి. ఆక్టేవియా అంటే “స్పేర్లు దొరకవన్నా” అంటారు. ఆ మాటలో నిజం కొంత, భయం ఎక్కువ. నా ఎరుకలో ఇంత శ్రద్ధగా కట్టిన డీజిల్ సెడాన్లు మన రోడ్ల మీద తక్కువే.

2013 అక్టోబరులో వచ్చిన మూడో తరం ఆక్టేవియా గురించే నేను చెబుతున్నది. చెక్ దేశం నుంచి విడిభాగాలుగా వచ్చి, ఔరంగాబాద్ దగ్గర షేంద్రాలో బండిగా మారేది. పక్క నుంచి చూడండి. ముందు లైటు దగ్గర మొదలైన గీత రెండు తలుపులు దాటి వెనక లైటు దాకా కత్తితో గీసినంత పదునుగా పోతుంది. డిక్కీ మూత వెనక అద్దంతో కలిసి పైకి లేస్తుంది. లోపల చోటు 590 లీటర్లు; పెండ్లి సామానంతా పడుతుంది. ముందు అద్దం మూలన పార్కింగ్ చీటీ పెట్టుకోవడానికో చిన్న క్లిప్పు. ఎవరూ అడగని చోట కూడా ఒకడు కూర్చుని ఆలోచించాడని ఆ క్లిప్పు చెబుతుంది.

ఆ పక్క గీతే కొనేవాడికి మొదటి సాక్షి. తలుపు ఒకసారి నలిగి, పుట్టీ పెట్టి, మళ్లీ రంగు కొట్టించుకున్న బండిలో ఆ పదును నిలవదు. ఎంత మంచి టింకరింగ్ మేస్త్రీ అయినా ఫ్యాక్టరీ అచ్చు దెబ్బను చేత్తో తిరిగి తేలేడు. గీత కొంచెం మొద్దుబారుతుంది, తలుపుల మధ్య సందు ఒకచోట వేలంత, ఒకచోట గోరంత అవుతుంది. అయితే దీన్ని మిట్టమధ్యాహ్నం చూస్తే కనబడదు. పొద్దునో సాయంత్రమో, ఎండ ఏటవాలుగా పడేటప్పుడు బండి పక్కన మోకాలి మీద కూర్చుని చూడాలి. మా ఊరి పక్కనే ఉన్న పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడి గోడ మీద పగలంతా నిలిచే నీడను చూసినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. కుందూరు చోళుల నాటి శిల్పులు స్తంభాలను ఏ తావులో నిలిపితే వెలుగు ఎటు చెదురుతుందో లెక్కగట్టారు. కనబడేదంతా వెలుగు ఎటు నుంచి పడుతుందన్న దాని మీదే ఆధారపడుతుంది, రేకు మీదైనా రాతి మీదైనా.

ఇక రెండో పనితనం. బండి పుట్టిన నాటి నుంచి దాన్ని చేతుల్లో పెట్టుకున్న మెకానిక్‌లది. నా లెక్కలో ఫ్యాక్టరీ కంటే వీళ్ల పనే ఎక్కువ తూగుతుంది.

కొనేముందు బండి చూపిస్తే, బైపాస్ షెడ్డుల్లో పని తెలిసిన మెకానిక్ ముందు బానెట్ మీద అరచెయ్యి పెడతాడు. వెచ్చగా తగిలితే “పొద్దునే ఎవరు స్టార్ట్ చేసిన్రు?” అని అడుగుతాడు. డీజిల్ ఇంజిన్ జబ్బులు చల్లగా ఉన్నప్పుడే బయటపడతాయి గనక వేడి చేసి చూపించేవాడి మీద అనుమానం న్యాయమే. సెల్ఫ్ కొట్టగానే సైలెన్సర్ వైపు చూస్తాడు. నీలం పొగ అయితే ఆయిల్ మండుతోంది; విడవని తెల్ల పొగ అయితే ఇంజెక్టర్‌నో, కంప్రెషన్‌నో, లోపలికి చేరుతున్న కూలెంట్‌నో అనుమానించాలి. తర్వాత ఆయిల్ మూత తిప్పి వదులుగా పెడతాడు. మూత ఎగిరెగిరి పడుతుంటే బ్యాక్ కంప్రెషన్, అంటే సిలిండర్‌లో ఉండాల్సిన ఒత్తిడి కిందికి జారుతోంది. అక్కడితో బేరం ఆపేయొచ్చు. యంత్రం ఏదీ లేకుండా చేతులు, కళ్లతోనే ఇంత చదవడం నాకు ఎప్పుడూ అబ్బురమే.

కంటికి కనబడనిది టైమింగ్ బెల్ట్. ఈ 1968 సీసీ ఇంజిన్‌లో అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి, ఖర్చు బండి ధరలో పెద్ద ముక్కే. వాటర్ పంపుతో సహా ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమనండి. నోటిమాట చెల్లదు. డీఎస్‌జీ ఆటోమేటిక్ గేరు అయితే ప్రతి 60 వేల కిలోమీటర్లకు గేర్ ఆయిల్ మార్చిన కాగితం కూడా ఉండాలి.

నడిపి చూడటానికి మా ఊరి దారి బాగా పనికొస్తుంది. నల్లగొండ గడియారం స్తంభం దగ్గరి రద్దీలో క్లచ్ తెలుస్తుంది: వదులుతుంటే వణికినా, ఇంజిన్ ఆపగానే గల్లుమన్నా ఫ్లైవీల్ అరిగింది. పానగల్ ఊళ్లో స్పీడ్ బ్రేకర్లు సస్పెన్షన్ సంగతి తేలుస్తాయి. ఉదయసముద్రం చెరువు పక్క నుంచి బైపాస్‌కు వచ్చి అద్దంకి రోడ్డు ఎక్కాక 320 న్యూటన్ మీటర్ల టార్క్ అంటే ఏమిటో వీపుకు తెలియాలి. 1750 ఆర్‌పీఎం దాటాక కూడా బండి మత్తుగా లాగుతుంటే టర్బోనో, దాని గొట్టాలో చూపించుకోవాలి. పాటలు మాత్రం పెట్టనీయకండి, బండి చప్పుళ్లు వినబడాలి.

మీటర్ తిప్పిన బండిని బ్రేక్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ తోలు పట్టిస్తాయి. సీటు బెల్టును చివరిదాకా లాగండి: తయారైన తేదీ చీటీ ఉంటుంది, అడుగున బురద చార ఉంటే నీట మునిగిన బండి. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్‌లో కార్లు ఎలా తేలాయో అందరం చూశాం.

కాగితాల్లో ఫైనాన్స్ తీరిందా, చలాన్లు ఉన్నాయా అన్నది ఎవరైనా చూస్తారు. ఢిల్లీ బండి చవకగా వస్తోందంటే మాత్రం ఆగండి. పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద 2015 నుంచి అక్కడ నడుస్తున్న ఆంక్షల గొడవే ఆ చవకకు ఒక కారణం. ఎన్ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కలిపితే మిగిలేది తక్కువ. ఇంకొకటి, స్కోడా కూడా భాగమైన, ఇంత పనితనం ఉన్న ఫోక్స్‌వ్యాగన్ గ్రూపే 2015లో డీజిల్ పొగ లెక్కల మోసంలో దొరికింది. మన దేశంలోనూ 3.23 లక్షలకు పైగా బండ్లను వెనక్కి పిలిచారు. పాత బండి అయితే ఆ రికాల్ దానికి వర్తిస్తుందా, పని పూర్తయిందా అని ఛాసీ నంబరుతో షోరూంలో కనుక్కోండి.

నన్నడిగితే తెలంగాణ రిజిస్ట్రేషన్, మాన్యువల్ గేరు, బెల్ట్ మార్చిన బిల్లు ఉన్న ఆక్టేవియాకు అడిగినదానికంటే కొంత ఎక్కువిచ్చినా నష్టం లేదు. బిల్లుల్లేని బండిని లక్ష తగ్గించి ఇస్తానన్నా తీసుకోకండి.