బిగించే ముందు వదలాలి

హైదరాబాద్ ఖాజాగూడ అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో కొత్త ఎస్‌యూవీల మధ్య అక్కడక్కడా కవరు కప్పుకున్న పాత బండి కనిపిస్తుంది. తాతగారి ఫియట్టో, నాన్న కొన్న అంబాసిడరో, పొలాల గట్ల మీద తిరిగిన మహీంద్రా జీపో అయ్యుంటుంది. పూర్తిగా విప్పి, తుప్పు గీకించి, రంగు వేయించి, మళ్లీ బిగించాలని చాలామందికి కోరిక. ఇంజను స్టార్టయ్యాక గండం గడిచిందనుకుంటారు. తీరా చూస్తే స్టీరింగు కాలమ్ దగ్గర పని ఆగిపోతుంది. కింద స్టీరింగ్ బాక్సు నుంచి పైకి వచ్చిన కాలమ్, డ్యాష్‌బోర్డు కింది క్లాంపుకి అందకుండా ఓ అరంగుళం పక్కన నిలబడుతుంది. ఇద్దరు మనుషులు పట్టి లాగితే క్లాంపులోకి వస్తుంది, బోల్టు కూడా పడుతుంది. అసలు కష్టాలు అప్పుడే మొదలు.

పైన కనిపించే అరంగుళం తేడాకు కారణం పైన ఉండదు. లెక్క చూడండి: తొంభై సెంటీమీటర్ల కాలమ్ అడుగున బాక్సు ఒక్క డిగ్రీ ఒరిగితే, పై చివర ఒకటిన్నర సెంటీమీటర్లకు పైగా తప్పుతుంది. ఆ ఒక్క డిగ్రీ రావడానికి పెద్ద ప్రమాదమేమీ జరగక్కర్లేదు. బాక్సు కూర్చునే చోట మందంగా పడిన పౌడర్ కోటింగు చాలు. విప్పేటప్పుడు పనికిరాదని పారేసిన, సందు నింపే పల్చటి రేకు (షిమ్) చాలు. జీపులో బాక్సు ఛాసిస్‌కి, పై క్లాంపు బాడీకి ఉంటాయి. ఛాసిస్‌కీ బాడీకీ మధ్య కొత్త రబ్బరు ప్యాకింగు పాతదానికంటే మందంగా ఉన్నా, టింకరింగులో ఫ్లోరు రేకు కాస్త జరిగినా బాక్సూ క్లాంపూ ఒకదానికొకటి ఎదురుపడవు. గుమ్మం కుంగితే తలుపును చిత్రిక పట్టినట్టు, చాలామంది ఇక్కడ కాలమ్‌ని తప్పుపడతారు.

పాత ఉస్తాదుల పద్ధతి వేరు. వాళ్లు ముందు అన్నీ వదులుతారు. బాక్సును ఛాసిస్‌కి పట్టిన బోల్టులు, డ్యాష్ కింది క్లాంపు, ఫ్లోరు దగ్గరి ప్లేటు అన్నీ చేతి బిగువు మీదే ఉంచుతారు. పానా ముట్టుకోరు. కాలమ్ తన చోటు తానే చూసుకున్నాక, కింద బాక్సు బోల్టులు బిగిస్తారు. అప్పుడు పైన క్లాంపు ఎక్కడుండాలో తెలిసిపోతుంది. తేడా ఉంటే కాలమ్‌ని వంచరు, క్లాంపు కింద షిమ్ వేస్తారు. విల్లీస్ జీపు వర్క్‌షాపు మాన్యువల్‌లోనూ ఈ పద్ధతే ఉంది: ముందు బోల్టులు వదిలి కాలమ్‌ని సర్దుకోనివ్వాలి, సర్దుబాట్లన్నీ ఆ తర్వాతే. మాన్యువల్ చదవకుండానే మన మెకానిక్కులు అదే చేయడం నాకు ఆశ్చర్యమనిపించదు. ఇనుము ఎవరికైనా ఒకే పాఠం చెబుతుంది.

దీంట్లో నాకు బాగా నచ్చే కిటుకు ఒకటుంది. బాక్సు నుంచి ముందు చక్రాలకు కదలికనిచ్చే డ్రాప్ ఆర్మ్ విడదీసి, స్టీరింగు చక్రాన్ని రెండు వేళ్లతో ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పుతారు. ఒక బోల్టు బిగించడం, మళ్లీ తిప్పడం. ఏ బోల్టు బిగించాక చక్రం బరువెక్కిందో దోషం అక్కడే. డయల్ గేజీ అక్కర్లేని పరీక్ష ఇది. అన్నీ వదిలేసినా చక్రం ఒకచోట తేలిగ్గా, ఒకచోట బరువుగా తిరుగుతోందంటే కాలమ్ లోపలి రాడ్డే వంగి ఉండొచ్చు. దాన్ని బయటికి తీసి చదునైన గ్రానైట్ రాయి మీద దొర్లిస్తే వంపు కంటికి కనబడుతుంది.

తర్వాతిది సెంటరు. కొస నుంచి కొసకు ఎన్ని చుట్లో లెక్కపెట్టి సగానికి తిప్పి ఆపాలి. జీపులోని రాస్ బాక్సులోనూ, ఫియట్ 1100లోని వార్మ్ బాక్సులోనూ అరుగుదల ఎక్కువగా ఆ మధ్యలోనే, బండి నేరుగా పోయే చోట. ‘ప్లే’ (వదులు) తీయాలంటే అక్కడే ఉంచి స్క్రూ సర్దాలి. పట్టు మధ్యలోనే బిగువుగా ఉండేలా కట్టిన బాక్సులివి కాబట్టి, పక్కకు తిప్పి ఉన్నప్పుడు ప్లే తీసేస్తే మధ్యకు వచ్చేసరికి పట్టేస్తుంది. అంబాసిడర్‌ది రాక్ అండ్ పినియన్ కాబట్టి రాక్ రెండు వైపులా సమానంగా బయటికి వచ్చిందా అని కొలవాలి. ఇవన్నీ అయ్యాకే చక్రాన్ని రాడ్డు కొసన ఉన్న పళ్ల (స్ప్లైన్ల) మీద కూర్చోబెట్టాలి. 36 పళ్లుంటే ఒక్క పన్ను తప్పినా చక్రం 10 డిగ్రీలు వంకరగా కనిపిస్తుంది. దాన్ని టై రాడ్లు తిప్పి సరిచేసేవాళ్లూ ఉన్నారు, చూడ్డానికి బాగానే ఉంటుంది, బాక్సు మాత్రం సెంటరు తప్పిపోతుంది. ఫియట్‌లో ఇంకో చిక్కు: హ్యాండ్ గేరు రాడ్డు కాలమ్‌ని అంటిపెట్టుకునే ఉంటుంది, కాలమ్ జరిగితే గేర్లూ సరిగా పడవు. గేర్‌బాక్సు పోయిందనుకుని దించిన తర్వాత తెలుస్తుంది, తప్పు దానిది కాదని.

ఒకప్పుడు కాలమ్ ఎంత వాలుగా ఉండాలన్నది కొనేవాళ్లే చెప్పి చేయించుకునే సంగతి. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఆ కాలానిది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కోసం ఆర్డరిచ్చిన బండి. ఆయన 1911లోనే కన్నుమూశారు. అప్పట్లో రోల్స్ రాయిస్ ఛాసిస్ మాత్రమే తయారుచేసేది, బాడీ వేరే కంపెనీ కట్టేది. ఆ బాడీకీ, నడిపేవారు కూర్చునే తీరుకీ తగినట్టు స్టీరింగు వాలును ఆర్డరులో రాసేవాళ్లు. అలాంటి బండికి ఇంకో బండి కొలతలు పనికిరావు.

కాలమ్ కుదరనప్పుడు కొందరు గ్యాస్ కట్టర్ తెస్తారు. బోల్టు రంధ్రాన్ని కోలగా కోయడం, రాడ్డును ఎర్రగా కాల్చి వంచడం, మధ్యలో కోసి జాయింటు వెల్డింగు చేయడం. కాల్చిన ఉక్కు గట్టిదనం పోతుంది. వెల్డింగు ఎప్పుడు విరుగుతుందో చెప్పలేం, నానక్‌రామ్‌గూడ వైపు మలుపులోనే విరగొచ్చు. పైగా ఇవి గుద్దుకుంటే ముడుచుకునే కాలమ్‌లు కావు. జనరల్ మోటార్స్ అలాంటివి తెచ్చింది 1967 మోడళ్లలో. మన పాత బండ్లలో ఉన్నది డ్రైవరు గుండెకి గురిపెట్టిన ఒకే ఇనుప కడ్డీ.

చట్టం సంగతీ ఉంది. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు విడిగా నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు లేని బండికే ‘వీఏ’ అక్షరాల నంబరు ప్లేటు దక్కుతుంది. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు రూ.20,000. డ్యాష్‌నీ ఛాసిస్‌నీ కోసి కుదిర్చిన బండితో అధికారి ముందు నిలబడడం కంటే షిమ్‌ల కోసం రాణీగంజ్‌లో ఒక పూట తిరగడం మేలు.

బిగింపు సరిగా కుదిరిందో లేదో రోడ్డే చెబుతుంది. మలుపు తిరిగాక చక్రాన్ని కాస్త వదిలితే దానంతటదే నేరుగా రావాలి. రాకపోతే కాలమ్ ఎక్కడో నొక్కుకుని ఉండొచ్చు. టైరు గాలి, కింగ్ పిన్లు కూడా చూడాల్సిందే గానీ, కొత్తగా బిగించిన బండిలో నేనైతే మొదట అనుమానించేది కాలమ్‌నే.

మీ సెల్లార్‌లోని బండిని ఇంకా విప్పలేదా? విప్పకముందే ముందు చక్రాలు నేరుగా పెట్టి, రాడ్డుకీ స్టీరింగు చక్రానికీ కలిపి ఒక పంచ్ గుర్తు, డ్రాప్ ఆర్మ్‌కి ఇంకో గుర్తు కొట్టించండి. ప్రతి షిమ్‌నీ అది ఏ బోల్టు కిందిదో రాసి విడి కవర్లో వేయండి. మెకానిక్కు తొందరపడుతుంటే, మిగతా పనుల్లో కానివ్వండి, ఈ ఒక్క పనికి మాత్రం అదనంగా ఒక రోజు కూలీ ఇచ్చి నెమ్మదిగా చేయించుకోండి.