ఇంకొక తూరి

మా బర్గూరులో బట్టల అంగళ్ల వెనక వీధిలో పన్నెండేళ్లుగా పిల్లలకు కీబోర్డు నేర్పుతున్నాను. పియానోకు 88 మెట్లు, మా పిల్లల కీబోర్డుకు 61. మెట్ల లెక్క కన్నా వాటి బరువుతోనే మాకు చిక్కు. పియానో మెట్టును నొక్కితే లోపల సుత్తి లేచి తీగను కొడుతుంది. వేలి బలాన్నిబట్టి స్వరం గట్టిగానో మెత్తగానో పలుకుతుంది. చవక కీబోర్డులో ఎలా నొక్కినా ఒకటే. అందుకే నగరంలో పోటీకి పోయి పెద్ద పియానో ముందు కూర్చోగానే మా పిల్లల వేళ్లు తడబడతాయి.

నిరుడు ఒక పాపను అలాంటి పోటీకే బెంగళూరు తీసుకెళ్లాను. బట్టల అంగడివాళ్ల బిడ్డ, పదేళ్లది. జి మేజర్ మినుయెట్ వాయించింది. బాఖ్ భార్య ఆనా మగ్దలేనా 1725 నాటి నోటుపుస్తకంలో ఉన్న చిన్న రచన అది. చాలాకాలం బాఖ్‌దేననుకున్నారు గానీ, రాసింది పెట్జోల్డ్ అనే ఇంకొక స్వరకర్త. పాపకు రెండుచోట్ల వేలు జారింది. మొదటి వడపోతలోనే పేరు పోయింది. తిరుగు బస్సులో హోసూరు దాటేదాకా నోరు విప్పలేదు. ఆపైన అడిగింది: "మిస్, అంతమంది ఉండారు కదా, ఎవురూ చప్పట్లు కొట్టలేదేమి?"

పోటీ వద్దని నేననను. రెండు నెలలు ఒకే ముక్కను మెట్రోనోమ్ పెట్టుకుని సాధన చేసిన వేలికి వచ్చే నిలకడ వేరు. కానీ పోటీలకు పేరుపడిన ఊళ్లు ఇంకొక పని కూడా చేశాయి. వార్సాలో 1927 నుంచి షోపాన్ పేరిట పియానో పోటీ ఉంది. అయిదేళ్లకొకసారి ప్రపంచమంతా అటు చెవి పెడుతుంది. అదే ఊరి వాజియెంకి పార్కులో 1959 నుంచి వేసవి ఆదివారాల్లో షోపాన్ విగ్రహం పక్కన టికెట్టు లేని పియానో కచేరీలు జరుగుతున్నాయి. జనం గడ్డిమీద కూర్చుని వింటారు. 1958లో మాస్కో చైకోవ్‌స్కీ పోటీలో 23 ఏళ్ల అమెరికా కుర్రాడు వాన్ క్లైబర్న్ గెలిచాడంటే, ప్రచ్ఛన్నయుద్ధపు రోజుల్లో కూడా లేచి నిలబడి చప్పట్లు కొట్టిన మాస్కో శ్రోతల పాలు అందులో ఎంతో ఉంది. వినే జనం ఉన్నచోటే వాయించేవాళ్లు పెరుగుతారు.

వినే జనమే సంగీతాన్ని సాకడం మనకు కొత్తేమీ కాదు. హార్మోనియం కూడా ఐరోపానుంచి వచ్చిందే. పారిస్‌లో పుట్టి, కలకత్తాలో నేలమీద కూర్చుని చేత్తో తిత్తి వేసే పెట్టెగా మారింది. గమకం పలకదని 1940లో ఆలిండియా రేడియో దాన్ని వెలివేస్తే 1971దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. ఆ ముప్పై ఏళ్లూ దాన్ని సాకింది సురభి నాటకాలు, కురుక్షేత్రం పద్యాలు, మా పల్లెల భారతం ఆటలు. ఇక్కడి నాటకం అయివారు నెలల తరబడి రాత్రిళ్లు సేద్యగాళ్లకు పద్యాలు నేర్పుతాడు. పగలు మామిడితోటలో కాయలు కోసినవాడు రాత్రికి అర్జునుడవుతాడు. అయివారు ఎవరినీ వడపోయడు. ఆ గొంతుకు తగిన శ్రుతి వెతికి, మెట్టు మార్చి, ఆ మనిషిచేతనే పాడిస్తాడు.

ఈ ఎండాకాలం మా బంధువుల ఊళ్లో ధర్మరాజుల గుడి దగ్గర భారతం ఆటకు ఆ పాపనూ పిలుచుకుపోయాను. ఆట మొదలయ్యేముందు అయివారిని అడిగి అరుగుమీద కీబోర్డు పెట్టించాను. అదే మినుయెట్ వాయించింది. మొదట గుసగుసలు. కాసేపటికి మద్దెలాయన తలూపుతూ తకిట, తకిట అని మెల్లగా అందుకున్నాడు. మూడు లెక్కల నడక, మన తిశ్రమే. స్వరాలు చూస్తే శంకరాభరణం మెట్లు. అయివారు షడ్జమం, పంచమం పట్టి హార్మోనియం నిండుగా పలికించాడు. పాప వేలు మళ్లీ అదేచోట జారింది. ఎవరి తలా అటు తిరగలేదు. అయిపోగానే ముందు వరుస ముసలమ్మ అనింది: "ఇంకొక తూరి వాయించు పాపా." రెండోసారి పాప తల ఎత్తి, జనాన్ని చూస్తూ, నిదానంగా వాయించింది. ఏడాదిగా నేను చెప్పీ చెప్పీ తేలేకపోయిన నిదానం అది.

సంగీతాన్ని జనంలోకి తీసుకుపోవడం జనానికి చేసే ఉపకారమని అనుకునేదాన్ని. ఆ రాత్రి ఉపకారం పొందింది మా పాప. చెన్నైలో ఊరూరు ఆల్కాట్ కుప్పంలో చేపలు పట్టేవాళ్ల ఇళ్ల నడుమ కచేరీలు పెట్టినవాళ్లకూ ఈ సంగతి తెలిసే ఉంటుంది.

అందుకే పోటీ ఫారం నింపే అమ్మానాన్నలకు, నాతోటి టీచర్లకు ఒక మనవి. తీర్పరుల ముందుకు పంపేముందు బిడ్డచేత సొంత వీధిలో ఒకసారి వాయించనివ్వండి. గుడి పెద్దలారా, ఆట మొదలయ్యేముందు మా పిల్లలకు ఒక పావుగంట ఇవ్వండి. ఒక కుర్చీ, ఒక కరెంటు ప్లగ్గు చాలు.