భుజవేదనా ప్రశ్నావళి – తుర్కీ అనుసరణము

భుజ మెంతవరకు లేచునో వైద్యుడు కొలువగలడు. కాని రాత్రి ఆ ప్రక్కకు ఒత్తిగిలి పండుకొనలేని బాధను రోగి నోటనే వినవలెను. ఇందులకై 1991లో అమెరికాలో ‘స్పాడి’ యను ప్రశ్నావళి వెలువడినది. ఇందు వేదనకు 5, అశక్తతకు 8, వెరసి 13 ప్రశ్నలు గలవు. దీని తుర్కీ అనుసరణము 2008లో ప్రకటింపబడినది. ఇట్టి అనుసరణమున భాష మారిన చాలునా యనునదే విచార్యము.

తొలి చిక్కు ‘నొప్పి’ యను మాటయందే కలదు. తుర్కీలో ‘ఆరి’ యనగా శరీరపు నొప్పి. ‘సిజి’ యనగా సలుపు. ‘అజి’ యనగా తీవ్రవేదనయే కాక చేదును, మనోదుఃఖమును గూడ. తెలుగున నొప్పి, సలుపు, బాధ యను మాటలు ఒక్కటి కానట్లే యివియు నొక్కటి కావు. మాట తప్పిన యెడల రోగి భుజముతోపాటు మనసును గూడ తూచి అంకె వేయును.

రెండవ చిక్కు పనులకు సంబంధించినది. మూలమున 10 పౌనుల బరువు మోయుటను గూర్చిన ప్రశ్న కలదు. దానిని నాలుగున్నర కిలోలుగా మార్చుట సులభము. వెనుక జేబునుండి వస్తువు తీయుటను గూర్చిన ప్రశ్న యట్టిది కాదు. జేబులేని వదులు షల్వారు ధరించు గ్రామీణ వృద్ధురాలికి అది భుజమును గూర్చిన ప్రశ్నయే కాదు. దానిని విడిచి తక్కినవానితో లెక్క కట్టవచ్చును. కాని చేయి నడుము వెనుకకు పోవు కదలికకు పరీక్ష ఆ మేరకు కొరవడును. దానికి బదులు తలగుడ్డను మెడవెనుక ముడివేయుటను అడుగుటయు దోషమే. అది వేరొక కదలిక. నడుము వెనుక కట్టుత్రాడు ముడివేయుట సరియైన సాటి.

2000లో ప్రకటితమైన మార్గదర్శకములు ఇద్దరి అనువాదము, సమన్వయము, మూలభాషకు పునరనువాదము, నిపుణుల పరిశీలన, 30–40 మందిపై ప్రయోగము విధించినవి. పునరనువాదము మాటల తప్పును పట్టును. కాని ‘వెనుక జేబు’ తుర్కీలోనికి పోయి క్షేమముగా తిరిగి రాగలదు; జేబు లేదను సంగతి బయటపడదు. రెండుమార్లు అడిగినను ఒకే సమాధానము వచ్చుట నిలుకడకు గుర్తే కాని సత్యమునకు కాదు. తప్పు కొలబద్దయు ప్రతిసారి ఒకే కొలత చూపును. కావున ప్రయోగదశలో రోగిని ‘దీనికి మీరేమి అర్థము చేసికొంటిరి?’ యని అడుగుటయే ప్రధానము.

1961 ఒప్పందముతో జర్మనీకి పనికై పోయి స్థిరపడిన తుర్కులున్నారు. అంకారాలో పరీక్షించిన పత్రమును బెర్లినులోని వృద్ధకార్మికునికి మరల పరీక్షింపక ఈయరాదు. పొరుగు రాష్ట్రముల తెలుగువారికిని ఇది వర్తించును. భుజమును ఒకరు జబ్బ యందురు, మరియొకరు మూపు యందురు. ఇంట తెలుగు మాటలాడుచు కన్నడమో, తమిళమో, ఒడియాయో చదివినవారికి తెలుగులిపిలోని పత్రము మూగది. వారికి దానిని చదివి వినిపింపవలెను. వారి మాటలోనే వినిపింపవలెను.