కొట్టుకునే గుండె మీద కుట్టు

గుండె ముందు వైపున కిందికి దిగే ప్రధాన ధమనిని వైద్యులు ఎల్‌ఏడీ అంటారు. బైపాస్‌లో కుట్టు పడే చోట దాని వెడల్పు మామూలుగా ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు. ఛాతీ గోడ లోపలి నుంచి లీమా అనే ధమనిని జాగ్రత్తగా విడదీసి, కొసను ఏటవాలుగా కోసి, ఆ సన్నని నాళానికి పక్క నుంచి కలపాలి. దారం తలవెంట్రుక కన్నా సన్నం. ఎల్‌ఏడీలో సూది లోపలి నుంచి బయటికే రావాలి. బయటి నుంచి గుచ్చితే లోపొర ఊడి రక్తానికి అడ్డం పడవచ్చు. కుట్టు ముందు కొసను ‘టో’ అంటారు. అక్కడ ఒక్క కుట్టు కాస్త ఎక్కువ పట్టుకుందా, దారి ఇరుకైపోతుంది. ఈ పనిని గుండె కొట్టుకుంటూ ఉండగానే చేసేవాళ్లున్నారు. ఎన్నిసార్లు చూసినా నాకు ఆశ్చర్యం తీరదు.

1964లో లెనిన్‌గ్రాడ్‌లో వాసిలీ కొలెసోవ్ హార్ట్-లంగ్ మెషీన్ లేకుండానే ఛాతీ ధమనిని గుండె ధమనికి కలిపాడు. 1967లో క్లీవ్‌లాండ్‌లో రెనె ఫావలోరో కాలి సిరతో బైపాస్‌కు బాట వేశాడు. ఆ తర్వాత గుండెను ఆపి, పనిని మెషీన్‌కు అప్పగించి, కదలిక లేని చోట కుట్టడమే రివాజైంది.

1990లలో నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ వైద్యులు ఆక్టోపస్ అనే స్టెబిలైజర్ తెచ్చారు. దాని చిన్న చిన్న గిన్నెలు గుండె పైపొరను పీల్చి పట్టుకుంటాయి; గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, కుట్టే చోటు మాత్రం దాదాపు నిలుస్తుంది. కోసిన ధమనిలో షంట్ అనే చిన్న గొట్టం పెడితే కుట్టు సాగుతున్నంతసేపూ రక్తం ముందుకు పోతుంది. అసలు పరీక్ష గుండె వెనక ఉంది. అక్కడి ధమని అందాలంటే గుండెను ఎత్తి తిప్పాలి, తిప్పగానే బీపీ పడిపోవచ్చు. అప్పుడు మత్తు డాక్టరు బల్ల వాలు మారుస్తూ, మందులు సర్దుతూ సర్జన్‌కు కొన్ని నిమిషాలు సంపాదించి పెడతాడు. ఈ పనితనంలో సగం ఆయనదే అంటాను.

మరి రోగికి ఏది మేలు? అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 2,203 మందిపై జరిగిన రూబీ అధ్యయనం 2009లో వెలువడింది. ఏడాది తర్వాత తెరిచి ఉన్న గ్రాఫ్ట్‌లు (కలిపిన నాళాలు) మెషీన్‌తో చేసినవారిలో 87.8 శాతం, గుండె ఆపకుండా చేసినవారిలో 82.6 శాతం. ఐదేళ్ల మరణాల్లోనూ మెషీన్ వైపే మొగ్గు. అయితే అందులో పాల్గొనే సర్జన్‌కు ఆఫ్-పంప్‌లో, అంటే గుండె ఆపకుండా చేసే పద్ధతిలో, 20 కేసుల అనుభవం ఉంటే చాలన్నారు. 19 దేశాల్లో 4,752 మందిపై జరిగిన కరోనరీ అనే అధ్యయనంలో తాము చేసే పద్ధతిలో వందకు పైగా కేసులు చేసినవారినే తీసుకున్నారు. అక్కడ మరణం, పక్షవాతం, గుండెపోటు వంటి ముఖ్య ఫలితాల్లో ఐదేళ్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆఫ్-పంప్‌లో తొలి నెలలో రక్తం ఎక్కించాల్సిన అవసరం తగ్గింది. మళ్లీ స్టెంటో, బైపాసో చేయాల్సి రావడం కాస్త పెరిగింది. రెండు అధ్యయనాలూ పక్కపక్కన చదివితే, తేడా తెచ్చేది యంత్రం కన్నా చేతికున్న అలవాటే అనిపిస్తుంది.

బృహద్ధమనిలో సున్నం పేరుకున్నవారి సంగతి వేరు. అక్కడ క్లాంప్ బిగిస్తే ముక్కలు ఊడి మెదడుకు చేరవచ్చు. ఆ ధమనిని తాకకుండా, రెండు ఛాతీ ధమనులతోనే పని ముగించగల సర్జన్ అలాంటి రోగికి పెద్ద అండ.

ఏ పద్ధతైనా లీమా కుట్టు బాగా పడాలి. పదేళ్లకు పదింట తొమ్మిది లీమాలు తెరిచే ఉంటాయి; కాలి సిరలు అప్పటికి సగం దాకా మూసుకుపోవడం మామూలే.

మన దేశంలో బైపాస్‌లలో పెద్ద వాటా గుండె ఆపకుండానే జరుగుతోంది. మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అన్నప్పుడు ‘బీటింగ్ హార్ట్’ అన్న బోర్డు చూసి ఆగిపోకండి. ఆ పద్ధతిలో ఎన్ని చేశారు, మధ్యలో మెషీన్‌కు మారాల్సి వచ్చినవి ఎన్ని, లీమా వాడతారా అని సర్జన్‌నే అడగండి.