వార్తాలేఖకు వేదికానిర్ణయము

అంతర్జాలమునఁ బత్రికను నడపఁగోరువారికి మొదట నెదురగు ప్రశ్న యే వేదికను గైకొనవలయు ననునది. పూర్వము ముద్రాలయమును నిర్ణయించుకొనుట వంటిదే యిదియని పలువురు తలంతురు. ఈ పోలిక సగమే సరియైనది. ముద్రాలయము మూతవడినను అచ్చయిన సంచికలు గ్రంథాలయములలో నిలిచియుండును. చందాదారుల పట్టిక సంపాదకుని పెట్టెలో నుండును. అంతర్జాలవేదికయో, ముద్రాలయము, తపాలా, గ్రంథాలయము, చందాల లెక్క యను నాల్గింటి పనిని దానొక్కటియే వహించును. అది మూతవడినచో లేఖల ప్రతులు కొన్ని పాఠకుల మెయిలు పెట్టెలలో మిగులవచ్చును గాని, సంపుటములుగా నున్న నిలువయు, పట్టికయు, పాఠకు లెఱిఁగిన చిరునామయు నొక్కమాఱే పోవును. కావున నీ నిర్ణయము సౌకర్యమునకు మాత్రమే సంబంధించినది కాదు. రచన నిలుచునా నిలువదా యనుటకు సంబంధించినది.

ఇది యూహామాత్రము కాదు. ‘రెవ్యూ’ యను వార్తాలేఖావేదికను ట్విట్టరు సంస్థ 2021 జనవరిలోఁ గొని, 2023 జనవరిలో మూసివేసినది. సరళతకుఁ బేరువడసిన ‘టైనీలెటర్’ 2011లో మెయిల్‌చింప్ సంస్థ చేతికిఁ బోయి, 2024 ఫిబ్రవరి 29తో ముగిసినది. రెండుచోట్లను నిర్ణయము వ్రాయువారి చేతిలో లేదు.

వ్యాకరణమున నంతరంగకార్యము బహిరంగకార్యముకంటె బలీయ మనుట పండితు లెఱిఁగినదే. వేదికావిచారమునను నీ న్యాయము చెల్లును. మూలపాఠము, చందాదారుల పట్టిక, పత్రిక డొమైను పేరు, ఈ మూఁడును అంతరంగములు. పుటాలంకారము, ప్రచారసాధనములు, పాఠకసంఖ్యల పటములు బహిరంగములు. వేదికలు తమ్ముఁ దాము పొగడుకొనునపుడు బహిరంగములనే ముందు చూపును. ఎన్నుకొనువారును వానినే చూచి మురియుదురు. ప్రవేశమార్గ మెంత సులభమని కాక, నిర్గమమార్గ మెంత తెఱపిగా నున్నదని మొదట నడుగవలయును.

ఈ దృష్టితో రెండు ప్రసిద్ధవేదికలను బరీక్షింపవచ్చును. 2017లో వెలసిన ‘సబ్‌స్టాక్’ నందు ఉచితలేఖకు వెల లేదు. చందా గైకొన్నచో నందు నూటికిఁ బది పాళ్లు సంస్థకుఁ జెల్లును. సొమ్ము చేరవేయువారి రుసుము వేఱు. మూలపాఠములను, పట్టికను దించుకొనిపోవుటకు వీలు కలదు. సొంత డొమైనును జేర్చుటకు వేఱుగా మూల్యము చెల్లింపవలయును. నిర్గమవిషయమున నది నిర్దోషప్రాయమే. చిక్కు మఱియొకచోట నున్నది. చందాసొమ్ము ప్రధానముగా ‘స్ట్రైప్’ సంస్థ ద్వారమున నడచును. ఆ సంస్థ భారతదేశమునఁ గ్రొత్త ఖాతాలను 2024లో నాహ్వానము పొందినవారికే పరిమితము చేసినది. కాఁబట్టి తెలుఁగునాఁటనుండి చందాపత్రికను నడపఁదలఁచువాఁడు నూటికిఁ బది యెక్కువయా యని తర్కించుటకు ముందే, సొమ్ము తనకుఁ జేరు దారి కలదా యని విచారింపవలయును.

2013లోఁ బ్రజల విరాళములతోఁ బుట్టిన ‘ఘోస్ట్’ లాభాపేక్ష లేని సంస్థ నడపునది. దాని సోర్స్‌కోడు ఎల్లరకును దెఱచియున్నది. అది చందాలోఁ బాలు గోరదు. తన సర్వరున నిలిపినందుకు అద్దె గోరును. నేర్పరియైనవాఁడు సొంత సర్వరుమీఁద నిలుపుకొనవచ్చును గాని, లేఖలను బంపుటకు ‘మెయిల్‌గన్’ వంటి మఱియొక సంస్థ నాశ్రయింపవలసి వచ్చును; రక్షణభారమును దానే మోయవలయును. ఉచిత మను పద మిచట శ్రమను దాఁచుచున్నది. సొమ్ము విషయమున దీనికిని స్ట్రైపే యాధారము.

ఇంకఁ బాఠకుని చేఁతకు మాఱుపలుకు రచన. పాఠకుఁడు పద్యపాదమును వ్రాసినంతనే గణవిభాగమును జూపు ఛందఃపాఠ మిందుల కుదాహరణము. దీనికి జావాస్క్రిప్టు వలయును. ఈ-మెయిలు సాధనములు సామాన్యముగా దానిని నడవనీయవు. సబ్‌స్టాక్ వ్యాసమునను సొంత స్క్రిప్టును జేర్పవీలు లేదు. ఘోస్ట్ పుటలోఁ జేర్పవచ్చును గాని, ఆ పుటయే లేఖయై వెడలినపు డది మూగవోవును. లేఖయే సర్వమును సాధించునని యెవ్వరు చెప్పినను ఆ మాట యతివ్యాప్తిదోషము గలది. సూత్రమును యోగవిభాగముచే రెండుగాఁ జీల్చినట్లు ఈ కార్యమును జీల్చవలయును: లేఖ పాఠకునిఁ బిలుచునది, పుట వానితోఁ బలుకునది.

తెలుఁగునకుఁ బ్రత్యేకమైన చిక్కులును గలవు. జీమెయిలు 102 కిలోబైట్లు మీఱిన లేఖను నడుమఁ ద్రెంచి, శేషమును వేఱుగాఁ దెఱచి చూడుమనును. యూటీఎఫ్-8 పద్ధతిలో నింగ్లీషు అక్షరమున కొక బైటు చాలఁగా, తెలుఁగు సంకేత మొక్కొక్కటికి మూఁడు వలయును. ‘క్ష’ యను సంయుక్తాక్షరము మూఁడు సంకేతములై తొమ్మిది బైట్లను గొనును. కావున దీర్ఘవ్యాఖ్యానమును లేఖలోనే పంపువాఁడు తన సిద్ధాంతభాగమును దానే తెరవెనుకకుఁ ద్రోసినవాఁడగును. దంత్యములగు ౘ, ౙలు యూనికోడునఁ జేరినది 2008లో. వానిని జూపలేని ఫాంట్లు కలవు. అరసున్నయు, ఱకారమును, దంత్యచజలును గల పద్య మొకదానిని ముందుగాఁ బంపి, పాత ఫోనులోఁ గూడఁ జూచుకొనవలయును. పద్యమును జిత్రముగాఁ బంపుట దీనికి మందు గాదు. చిత్రమునఁ బదమును వెదకుట కష్టము.

పాఠకులు పెద్దవేదికలందే యుందురు, సొంతపుట కెవరు వత్తురని యాక్షేపము. ఇది త్రోసివేయఁదగినది కాదు. సబ్‌స్టాక్‌లో నొక పత్రిక మఱియొకదానిని సిఫారసు చేయు సాధనము కలదు. క్రొత్తవారికి నది మేలు. అయినను అచటి ‘ఫాలోయరు’ వేఱు, చందాదారుఁడు వేఱు. తన ఈ-మెయిలు చిరునామ నిచ్చి పట్టికలోఁ జేరినవాఁడే వేదిక మాఱినపుడును పత్రికవెంట రాఁగలవాఁడు.

కాఁబట్టి యుచితముగా లేఖలు మాత్రమే పంపువారికి సబ్‌స్టాక్ చాలును. మాఱుపలుకు పుటలను గూర్చువారికి ఘోస్ట్ వంటి తెఱచిన వ్యవస్థ తగును. ఏది కైకొన్నను డొమైను పేరు మొదటి సంచికనుండియు సొంతమై యుండవలయును. మూలపాఠములును, పట్టికయు మాసమున కొకమాఱైనను దించి భద్రపఱుపవలయును. చందాదారుఁడు చిరునామ నిచ్చినది వేదికను నమ్మి కాదు, వ్రాయువానిని నమ్మి. ఆ నమ్మకమును నిలుపుకొను భారము వ్రాయువానిదే.