డంపర్‌కు ఆథరైజేషన్, కారుకు దేవుడే దిక్కు

దసరా ముందు సింగరేణి లాభాల వాటా పడ్డదంటే గోదావరిఖనిలో మొదట కళకళలాడేవి బట్టల దుకాణాలు, బంగారం కొట్లు. తర్వాతి వంతు బండ్ల షోరూములది. 2025 దసరాకు కంపెనీ తన లాభాల్లో 34 శాతం కార్మికులకు పంచింది. పర్మినెంటు కార్మికుడికి సగటున రూ.1,95,610. దీపావళి బోనస్ అందుకు అదనం. అంటే కారు డౌన్ పేమెంట్ చేతికొచ్చినట్టే. పైగా తెలంగాణలో ఎలక్ట్రిక్ బండ్లకు 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ ట్యాక్స్ లేదు, రిజిస్ట్రేషన్ ఫీజు లేదు. పాతిక లక్షల కారు మీద ఆ మిగులే లక్షల్లో ఉంటుంది. మా వాడకట్టులో తెల్ల నంబర్ ప్లేట్ల మధ్య పచ్చ ప్లేట్లు పెరుగుతున్నాయంటే ఆశ్చర్యమేముంది?

దీన్ని తప్పుపట్టడానికి రాయడం లేదు. మనం తవ్విన బొగ్గు ఎన్టీపీసీ రామగుండంలో కాలి, 2,600 మెగావాట్ల ఆ ప్లాంటు నుంచి గ్రిడ్డులోకి పోయి, తిరిగి మన ఇంటి ప్లగ్గులోంచి మన కారులోకే వస్తోంది. పొగ లేని బండి అని మురిసేవాళ్ళు ఆ చిమ్నీల దిక్కు కూడా ఒకసారి చూడాలి గానీ, అది ఇంకోవారం ముచ్చట. ఇవాళ్టి నా గొడవ పొగ గురించి కాదు, స్టీరింగ్ వెనక కూర్చున్నవాడి గురించి.

మా వీధిలో ఓపెన్‌కాస్ట్ గనిలో, అంటే ఓసీలో, వంద టన్నుల డంపర్ నడిపే ఆపరేటర్ అన్న ఒకాయన ఉన్నాడు. కొడుకు పోరు పడలేక మహీంద్రా బీఈ 6 కొన్నాడు, పెద్ద బ్యాటరీది. 286 హార్స్‌పవర్. నిలబడ్డ చోటు నుంచి వంద కిలోమీటర్ల వేగానికి 6.7 సెకన్లు అని కంపెనీ లెక్క. ఓ ఆదివారం నన్నూ ఎక్కించుకుని రాజీవ్ రహదారి మీదికి తీసుకెళ్ళారు. పిల్లాడు నడుపుతున్నాడు, అన్న పక్క సీట్లో, నేను వెనక. ఖాళీ రోడ్డు కనబడగానే పిల్లాడు ఒక్క తొక్కు తొక్కాడు. చప్పుడు లేదు, గేరు మారిన కుదుపు లేదు. నా తల వెనక్కి పోయి సీటుకు తగిలింది, అంతే. అన్న డ్యాష్‌బోర్డు పట్టుకుని అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"మెల్లగ పోనీరా! వంద టన్నుల బండి నడిపే నన్నే ఓసీల గిట్ల పోనియ్యరు!"

పిల్లాడు నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అన్న మాటలో ఒక పెద్ద లెక్క ఉంది.

వంద టన్నుల డంపర్ ఇంజన్ వెయ్యి హార్స్‌పవర్ దరిదాపు. లోడుతో కలిపి బరువు 160 టన్నుల పైచిలుకు. టన్నుకు ఆరు హార్స్‌పవర్. ఈ కారు రెండు టన్నుల చిల్లర, టన్నుకు సుమారు 130. మన నాన్నల తరం మురిసిపోయిన మారుతి 800కు మొత్తం ఇంజన్ శక్తే నలభైకి లోపు. ఊరంతా భయపడి పక్కకు తప్పుకునే డంపర్ కంటే, పెళ్ళికి వేసుకుపోయే కారులో టన్నుకు ఇరవై రెట్ల బలం ఉంది. వీటిలో దేనికి ఎంత కాపలా పెట్టామో ఇప్పుడు చూడండి.

డంపర్ సీటెక్కాలంటే ముందు కంపెనీ శిక్షణ కేంద్రం వీటీసీలో శిక్షణ. తర్వాత అనుభవమున్న ఆపరేటర్ పక్కన కూర్చుని నేర్చుకోవడం. ఆ తర్వాత పరీక్ష. అన్నీ అయ్యాక మేనేజర్ రాతపూర్వకంగా ఆథరైజేషన్ ఇస్తాడు. అదీ ఫలానా రకం మిషన్‌కు అని. అరవై టన్నులది నడిపినవాడు వంద టన్నులది చూసి 'ఇదీ స్టీరింగే గదా' అని ఎక్కడానికి లేదు. డోజర్‌కు వేరు, షావెల్‌కు వేరు. చేతిలో కాయితం లేకుండా సీటెక్కితే ఛార్జిషీటు చేతికొస్తుంది.

కాయితం ఉన్నంత మాత్రాన తాళం తిప్పడానికీ లేదు. నైట్ షిఫ్టుకు మస్టర్ పడ్డాక అన్న చేసే మొదటి పని బండి చుట్టూ తిరగడం. టార్చి వేసి టైర్లకు కోతలు పడ్డాయా, నట్లు బిగువుగా ఉన్నాయా, కింద నేల మీద నూనె చుక్క ఉందా అని చూస్తాడు. చుక్క కనబడితే వేలితో తాకి వాసన చూస్తాడు. అది ఇంజన్ ఆయిలా, బ్రేకుదా, హైడ్రాలిక్‌దా అని. అద్దాలు కాటన్ వేస్టుతో తుడుస్తాడు. పైకెక్కి బెల్టు పెట్టుకుని హారన్, రివర్స్ అలారం, స్టీరింగ్, సర్వీస్ బ్రేకు, పార్కింగ్ బ్రేకు ఒక్కొక్కటే పట్టి చూస్తాడు. లాగ్ బుక్కులో రాస్తాడు. బ్రేకు మీద అనుమానం ఉంటే బండి కదలదు, ప్రొడక్షన్ ఎంత అరిచినా. కదిలే ముందు హారన్. హాల్ రోడ్డు మీద ఓవర్‌టేక్ లేదు. క్యాబిన్‌లోంచి ముందు నేల కొంతదూరం కనిపించదు కాబట్టి ఓసీలోకి దిగే జీపుకు పొడుగు కర్ర మీద జెండా కడతారు. రోడ్డు అంచున డంపర్ టైరంత ఎత్తు మట్టికట్ట ఉండాలి. మనిషి తప్పు చేస్తాడని ముందే ఒప్పుకుని, ఆ తప్పు ప్రాణం మీదికి రాకుండా కట్టిన ఏర్పాటు ఇదంతా. దాంట్లో లొసుగులు లేవని కాదు. టార్గెట్ ఒత్తిడిలో కట్టలు కుంచించుకుపోయే చోట్లున్నాయని యూనియన్ల వాళ్ళు గేట్ మీటింగుల్లో అరుస్తూనే ఉంటారు. కానీ నియమం నియమంగా అయితే ఉంది.

అదే అన్న గేటు దాటి బయటికొస్తే? ఎల్ఎంవీ లైసెన్సు. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని బండ్లన్నిటికీ అదొక్కటే. అందులో హార్స్‌పవర్ అన్న మాటే లేదు. పాత ఆల్టోలో ట్రాక్ మీద ఎనిమిది వేసి తెచ్చుకున్న కార్డుతో రేపు 500 హార్స్‌పవర్ కారైనా నడపొచ్చు. షోరూములో డెలివరీ రోజు ఏం చెప్పారని పిల్లాణ్ణి అడిగాను. పాటలు ఎలా పెట్టాలో, ఫోన్ ఎలా కలపాలో, సీటు ఎలా చల్లబడుతుందో చెప్పారట. తర్వాత దండ వేసి, కేకు కోయించి, ఫొటో. బ్రేకు సంగతి ఎవరూ ఎత్తలేదు, వీళ్ళూ అడగలేదు.

జనం అడిగేది రెండే: ఒక్క ఛార్జికి ఎంతదూరం పోతది, అంటుకుంటదా. రెండో ప్రశ్న వెనక నిజమైన భయం ఉంది. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో పుట్టిన మంటల పొగ పై అంతస్తుల హోటల్‌లోకి పాకి ఎనిమిది మంది చనిపోయారు. ఎవరూ మరిచిపోలేదు. కానీ రోడ్డు మీద మనుషుల్ని తినేది మంటలు కాదు. 2022లోనే దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో పదింట ఏడు వంతులు అతివేగం ఖాతాలోవే.

బ్రేకు దగ్గర కొంచెం ఆగుతాను. ఎలక్ట్రిక్ కారులో తెలియకుండా మారిపోయింది అదే. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే మోటారే జనరేటర్‌గా మారి బండిని వెనక్కి పట్టి, ఆ శక్తిని బ్యాటరీలోకి పంపుతుంది. రీజెన్ అంటున్నారు. అన్నకు ఇది చెప్పాల్సిన పని పడలేదు. "మా రిటార్డర్ అసొంటిదే గదా తమ్మీ" అన్నాడు. డంపర్ దిగుడులో సర్వీస్ బ్రేకు తొక్కుతూ పోతే వేడెక్కి పట్టు పోతుంది, అందుకే రిటార్డర్ మీద దింపుతారు. పెద్ద ఎలక్ట్రిక్ డ్రైవ్ డంపర్లలో అయితే చక్రాల మోటార్లే ఈ పని చేస్తాయి. కాకపోతే అక్కడ శక్తి వేడిగా గాలిలో కలుస్తుంది, ఇక్కడ బ్యాటరీకి పోతుంది.

తేడా ఎక్కడంటే, రిటార్డర్ మీద ఎంత నమ్మకం పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో అన్నకు నేర్పారు. పిల్లాడికి ఎవరూ నేర్పలేదు. రాత్రంతా ప్లగ్గు పెట్టి నూరు శాతం నింపుకుని పొద్దున బయటికి తీస్తే, బ్యాటరీలో చోటు లేక రీజెన్ బలహీనపడుతుంది. నిన్న కాలు తీయగానే ఆగిన బండి ఇవాళ జారుతూ పోతుంది. ఒక్క పెడల్‌తోనే నడపడం అలవాటైన కాలు, అడ్డం వచ్చిన క్షణంలో బ్రేకు వెతుక్కునే బదులు ఉన్న పెడల్‌నే గట్టిగా నొక్కితే సంగతేమిటి? పాత డీజిల్ బండి ఆ పొరపాటుకు కొంచెం గడువిచ్చేది. ఇది ఇవ్వదు. ఇక మన రోడ్లు. టిప్పర్ల నుంచి రాలిన బొగ్గుపొడి, బూడిద, పైన తొలకరి చినుకులు పడ్డాయంటే తారు మీద నల్లటి జారుడు పొర. అక్కడ బలమైన రీజెన్ పెట్టుకుని టక్కున కాలు తీస్తే వెనక చక్రాలు పట్టు తప్పొచ్చు. స్టెబిలిటీ కంట్రోల్ ఉంది గనక చాలాసార్లు బతికిపోతాం. ప్రతిసారీ కాదు.

ఇంకో చిన్న లెక్క. ఆ 6.7 సెకన్లలో కారు దాదాపు 90 మీటర్లు పోతుంది. వంద వేగంలో ఉన్న బండి ముందు గేదె అడ్డం వస్తే, చూసి, తేరుకుని, బ్రేకు తొక్కి, పూర్తిగా ఆగడానికి పొడి రోడ్డు మీద కూడా ఇంచుమించు అంత దూరమే కావాలి. షిఫ్టు విడిచిన వేళ రహదారి మీద రెండు యూ టర్నుల మధ్య టీవీఎస్ ఎక్సెల్ మీద, సైకిల్ మీద ఎంతమంది కాంట్రాక్టు కార్మికులు అడ్డం దాటుతారో మీకు తెలియనిది కాదు. బ్లాస్టింగ్‌కు కిటికీలు గలగలలాడే ఊరు మనది, సైరన్‌తో పొద్దు తెలుసుకున్నవాళ్ళం, ఏ బండి వస్తుందో చప్పుడుతో చెప్పగలం. ఈ కారు మెల్లగా వస్తే చప్పుడే లేదు. తక్కువ వేగంలో హెచ్చరిక శబ్దం తప్పనిసరి చేస్తూ కేంద్రం 2025 సెప్టెంబర్‌లో ముసాయిదా తెచ్చింది. కొత్త మోడళ్ళకు 2026 అక్టోబర్ నుంచి అన్నారు. యూరప్‌లో ఇది ఎప్పుడో వచ్చింది.

"ఫైవ్ స్టార్ బండి అంకుల్, ఏం గాదు" అన్నాడు పిల్లాడు. నిజమే, భారత్ ఎన్‌క్యాప్‌లో ఈ కారుకు అయిదు నక్షత్రాలు. కానీ ఆ మార్కులు ప్రధానంగా లోపల కూర్చున్న పెద్దలకూ పిల్లలకూ ఎంత రక్ష అనేదానికి. ఎక్సెల్ మీద పోయేవాడికి ఏ నక్షత్రమూ లేదు. నక్షత్రాలు చూసి ధైర్యం పెంచుకునే డ్రైవర్‌ను చూస్తే నాకు భయం.

పుణెలో 2024 మే 19న జరిగింది గుర్తుందా? 17 ఏళ్ళ పిల్లాడు తోలిన కారు కళ్యాణి నగర్‌లో బైకును గుద్ది ఇద్దరు యువ ఇంజనీర్లను చంపింది. అది పోర్షే టైకాన్, ఎలక్ట్రిక్ కారు. రిజిస్ట్రేషన్ కూడా పూర్తికాలేదు. మొదట బెయిలిచ్చినప్పుడు ప్రమాదాల మీద 300 మాటల వ్యాసం రాయమన్నారని దేశం ఉడికిపోయింది. వ్యాసం మీద మండిపడ్డాం గానీ, అంత బలమున్న బండి తాళం ఆ వయసువాడి చేతికి ఎలా పోయిందన్న ప్రశ్న మన ఇళ్ళలోకి రాలేదు.

వేరే దేశాలు ఈ సంగతిని బలం లెక్కలోనే చూస్తున్నాయి. దక్షిణ ఆస్ట్రేలియాలో 2024 డిసెంబర్ నుంచి టన్నుకు 276 కిలోవాట్లు, ఆపైన ఉన్న కార్లకు వేరే క్లాసు లైసెన్సు కావాలి. ఆ గీతకు మన బీఈ 6 చాలా దూరం, వంద దగ్గరే ఉంటుంది. కానీ ఇటలీ లెక్క చూడండి. కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్ళు మొదటి మూడేళ్ళు టన్నుకు 75 కిలోవాట్లు మించినది ఒంటరిగా నడపరాదు. అక్కడైతే మా వీధి పిల్లాడు ఒంటరిగా ఈ కారు స్టీరింగ్ ముట్టుకోవడానికి వీల్లేదు. మన దగ్గర అలాంటి చట్టం రావాలంటాను. వచ్చేదాకా ఇంటి పెద్దే మేనేజర్, ఆథరైజేషన్ ఇవ్వాల్సింది ఆయనే.

అన్న ఇప్పుడు అదే చేస్తున్నాడు. కారును రేంజ్ మోడ్‌లో పెట్టించాడు, రేస్ మోడ్ మాట ఎత్తొద్దన్నాడు. పార్కింగ్‌లో పిల్లాడితో బ్రేకు పెడల్ గట్టిగా తొక్కించి, ఏబీఎస్ కాలి కింద ఎలా కొట్టుకుంటుందో చూపించాడు. బండి తీసే ముందు చుట్టూ ఓ తిరుగుడు తప్పనిసరి. బొగ్గుదుమ్ము పట్టిన కెమెరా తుడవకుండా లేన్ అసిస్టును నమ్మొద్దని చెప్పాడు. పిల్లాడు గొణిగాడు. అన్న వినలేదు.

సింగరేణి రక్షణ విభాగానికి ఒక మనవి. ఈ ఏడాది రక్షణ పక్షోత్సవాల్లో ప్రతిజ్ఞ, ప్రదర్శన, బహుమతులు అయ్యాక ఒక పూట గేటు బయటి రోడ్డుకు ఇవ్వండి. మీ ట్రైనర్లు ఉన్నారు, జాగా ఉంది. కార్మికుల సొంత కార్లను, వాళ్ళ పిల్లల్ని పిలిపించి తడి నేల మీద బ్రేకు తొక్కించండి. తండ్రులకు ఇంకో మాట. మైనరు బండి నడిపి నేరం చేస్తే మోటారు వాహనాల చట్టం 199ఎ కింద తండ్రికి లేదా ఓనరుకు మూడేళ్ళ దాకా జైలు, రూ.25,000 జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. పిల్లాడికి 25 ఏళ్ళు నిండేదాకా లైసెన్సు ఇవ్వరు.