లోతు, దూరం, స్ఫుటత: ఆన్సెల్ ఆడమ్స్ ప్రకృతి ఛాయాచిత్రం – ఒక పరిశీలన

ఛాయాచిత్రానికి పొడవు, వెడల్పులే గాని మూడవ పరిమాణం లేదు. అయినా ప్రకృతి దృశ్యాలను ప్రశంసించేటప్పుడు 'ఈ చిత్రంలో లోతు ఉంది' అనడం పరిపాటి. తెలుగులో లోతు ప్రధానంగా బావికీ చెరువుకూ చెందిన మాట, కిందికి కొలిచేది. ఎదుటికి సాగేది దూరం. ఆంగ్లపదం ఒక్కటే ఈ రెండర్థాలనూ, కటకానికి చెందిన మరొక సాంకేతికార్థాన్నీ మోస్తుంది. అనువాదంలో ఈ మూడూ కలగాపులగమయ్యే ప్రమాదముంది. అమెరికన్ ఛాయాగ్రాహకుడు ఆన్సెల్ ఆడమ్స్ (1902–1984) 1942లో తీసిన 'ది టీటన్స్ అండ్ ది స్నేక్ రివర్' వీటిని విడదీసి చూడడానికి అనువైన ఉదాహరణ.

కటకద్వారం చిన్నదయ్యేకొద్దీ దృశ్యంలో స్పష్టంగా నమోదయ్యే మేర పెరుగుతుంది. ఆడమ్స్ సభ్యుడుగా 1932లో ఏర్పడిన 'గ్రూప్ ఎఫ్/64' పేరు అటువంటి సూక్ష్మద్వారాన్నే సూచిస్తుంది. మసక అందాన్ని ఆశ్రయించిన పిక్టోరియలిస్టు ధోరణిని ఆ బృందం తిరస్కరించింది. అయితే దగ్గరి చెట్టూ దూరపు శిఖరమూ సమానస్ఫుటతతో కనిపిస్తే దూరాన్ని తెలిపే ఒక గుర్తు చెరిగిపోతుంది. దూరవస్తువులు గాలితెర వల్ల పాలిపోయి, అంచులు కోల్పోతాయని లియొనార్డో డావిన్చీ ఏనాడో గుర్తించాడు. కాబట్టి స్ఫుటత లోతుకు పర్యాయం కాదు. ఒక్కొక్కప్పుడు దానికి ప్రత్యర్థి.

మరి ఈ చిత్రంలో దూరం ఎలా సిద్ధించింది? ప్రధాన సాధనం నది. అది పర్వతాలవైపు నేరుగా పోదు. మెలికలు తిరుగుతూ, పోయేకొద్దీ సన్నబడుతుంది. ఆ సన్నబడడమే దూరానికి కొలబద్ద. ముందరి చీకటి చెట్లు, మెరిసే నీరు, మళ్లీ నల్లని అడవి, మంచుశిఖరాలు, మేఘాలు – ఇలా నలుపు తెలుపుల పొరలు ఒకదాని వెనుక ఒకటి నిలుస్తాయి. ఎత్తైన చోటు నుంచి తీసినందువల్ల చూపు ముందు కిందికి దిగి, నదిని అందుకుని, ఆపైన ఎదుటికి సాగుతుంది. అంటే తెలుగు అర్థంలో లోతు ముందు, దూరం తరువాత. నదిని చేతితో కప్పి చూస్తే పర్వతాలు తెరమీది బొమ్మలా ముందుకు వచ్చేస్తాయి.

ఈ నిర్మాణానికి ఒక మూల్యం ఉంది. చూపు నడిచే దారి పొడవునా మనిషి జాడ లేదు. జాతీయ ఉద్యానవనాలను చిత్రించే ప్రభుత్వ నియామకంలో భాగంగా తీసిన ఈ చిత్రంలో, షొషోనీ తదితర ఆదిమజాతులు తరతరాలుగా సంచరించిన లోయ నిర్మానుష్యంగా కనిపిస్తుంది. దూరం ఎంత విశాలంగా తెరుచుకుంటే ఆ శూన్యం అంత సహజమనిపిస్తుంది. చిత్రం సాధించిన అందమే ఆ లోపాన్ని కప్పుతున్నది.

కాబట్టి కటకం ఇచ్చేదాన్ని 'క్షేత్రస్ఫుటత' అనీ, చిత్రరచన కల్పించేదాన్ని 'దూరభ్రాంతి' అనీ వేరుగా పేర్కొనడం సముచితం. మొదటిది పరికరానికి సంబంధించిన కొలత. రెండవది నిలుచున్న చోటు, వెలుగు, వస్తువుల అమరికలపై ఆధారపడిన నిర్ణయం. విమర్శ ప్రశ్నించవలసింది ఆ నిర్ణయాన్నే.